క్లయింటుకు పంపే డ్రోన్ వీడియోకు ఏ కోడెక్ మేలు?

కోడెక్ అంటే వీడియోను కుదించి, ఆడించేటప్పుడు మళ్లీ విప్పే పద్ధతి. క్లయింటు చూసి సరేననడానికో, తన సైటులో పెట్టుకోవడానికో పంపే వీడియో అయితే హెచ్.264. నా తీర్పు ముందే చెప్పేస్తున్నాను. 2003లో వచ్చిన ప్రమాణాన్ని ఇంకా పట్టుకుని వేలాడటమా అని మొహం చిట్లించేవారు ఉంటారు. కానీ పాత ల్యాప్‌టాప్, ఆఫీసు కంప్యూటర్, టీవీకి గుచ్చిన పెన్‌డ్రైవ్, ఏ బ్రౌజరైనా సరే, దాన్ని మారుమాట లేకుండా ఆడిస్తాయి. ఫైలు తెరిచే మనిషి దగ్గర ఏ యంత్రం ఉందో మనకు తెలియనప్పుడు ఇంతకు మించిన గుణం ఇంకొకటి లేదు.

దానికి పోటీ హెచ్.265, అంటే హెచ్‌ఈవీసీ. 2013లో ఖరారైంది. ఇంచుమించు సగం బిట్‌రేట్‌తోనే, అంటే సెకనుకు సగం డేటాతోనే, అదే నాణ్యత ఇస్తుంది, అందులో అతిశయోక్తి లేదు. మూడు నిమిషాల 4కే వీడియో హెచ్.264లో సెకనుకు 40 మెగాబిట్ల లెక్కన 900 మెగాబైట్లు అవుతుంది. హెచ్.265లో దాదాపు 500కే సరిపెట్టుకోవచ్చు. 2017 నుంచి ఐఫోన్లు, మ్యాక్‌లు దీన్ని సునాయాసంగా ఆడిస్తున్నాయి. చిక్కంతా విండోస్‌తో. చాలా కంప్యూటర్లలో దీనికోసం స్టోర్ నుంచి విడిగా ఎక్స్‌టెన్షన్ తెచ్చుకోవాలి. అది లేకపోతే క్లయింటుకు మీరు జోడించిన సంగీతం వినిపిస్తుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. ఆయన దృష్టిలో పాడైంది మీ ఫైలే, తన కంప్యూటర్ కాదు. యాపిల్ వైపూ ఒక మెలిక ఉంది: ఎంపీ4 ఫైలులో హెచ్‌వీసీ1 అనే గుర్తుకు బదులు హెచ్‌ఈవీ1 పడితే క్విక్‌టైమ్ దాన్ని ఆడించదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎన్‌కోడ్ చేసేవారు (వీడియోను కోడెక్‌లోకి మార్చేవారు) ఈ గుర్తును తామే అడిగి పెట్టించుకోవాలి.

అయితే డ్రోన్ వీడియో విషయంలో కోడెక్ కంటే ముందు చూడవలసింది బిట్‌రేట్. నేల మీద తీసిన ఇంటర్వ్యూలో వెనక గోడ కదలదు కాబట్టి కోడెక్ ఒక ఫ్రేములోని గోడను తర్వాతి ఫ్రేములకు వాడుకుంటుంది. గాలిలోంచి తీసినప్పుడు ఫ్రేము మొత్తం కదులుతుంది. పైగా అందులో ఉండేవి గడ్డి, ఆకులు, నీటి అలలు, కంకర. అన్నీ సన్నటి వివరాలే, ఏ రెండు ఫ్రేముల్లోనూ ఒకేలా ఉండవు. చెట్ల మీదుగా తక్కువ ఎత్తులో వెళ్లే షాట్‌ను చాలీచాలని బిట్‌రేట్‌తో ఎన్‌కోడ్ చేసి చూడండి. డ్రోన్ ఆగి ఉన్నంతసేపు ఆకులు విడివిడిగా కనిపిస్తాయి. ముందుకు సాగగానే పచ్చటి ముద్ద అవుతాయి, ఆగితే మళ్లీ ఆకులవుతాయి. హెచ్.264 పనికిరాదన్న ఫిర్యాదుల్లో చాలావరకు నిజానికి ఈ పిసినారితనం మీద వెయ్యవలసినవే. చెట్లు, నీళ్లు ఎక్కువగా ఉన్న 4కే వీడియోకు నేను 40 కంటే తగ్గను. క్లయింటు ఫోనులో చూస్తే చాలనుకుంటే, బిట్‌రేట్ కోసేకంటే 1080పీకి దించడం నయం.

హెచ్.265 నిజంగా గెలిచే చోటు ఆకాశం. 8 బిట్లలో ఒక్కో రంగుకు 256 మెట్లు, 10 బిట్లలో 1024. సూర్యాస్తమయం వేళ నారింజ నుంచి నీలంలోకి జారే ఆకాశంలో, అందులోనూ లాగ్‌లో (తర్వాత దిద్దుకోవడానికి వీలుగా రంగులు వెలిసినట్టు రికార్డు చేసే పద్ధతిలో) తీసి రంగులు బాగా లాగినప్పుడు, 8 బిట్ల ఫైలులో చారలు తేలతాయి. హెచ్.264లోనూ 10 బిట్లు ఉన్నాయి గానీ, దాన్ని చాలా పరికరాల హార్డ్‌వేర్ పట్టించుకోదు, కాబట్టి అందరికీ ఆడుతుందన్న దాని ఏకైక లాభం కూడా పోతుంది. అలాంటి షాట్‌లకు, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే వీడియో) అడిగినవారికి, 10 బిట్ల హెచ్.265 పంపండి. 8 బిట్లే తప్పదనుకుంటే రంగులు దిద్దాక కొద్దిగా గ్రెయిన్ (నలుసుల్లాంటి సన్నటి చుక్కలు) కలపండి, చారలు చాలావరకు చెదిరిపోతాయి.

క్లయింటు ఎడిటరైతే లెక్క వేరు. ఆయనకు ఈ రెండింటిలో ఏదీ మళ్లీ ఎన్‌కోడ్ చేసి ఇవ్వకండి. రంగులు దిద్దనిదైతే డ్రోన్ కార్డులో ఉన్న ఫైలునే యథాతథంగా ఇవ్వండి, దిద్దిందైతే ప్రోరెస్, అంటే ఎడిటింగ్ కోసం యాపిల్ చేసిన, తక్కువగా కుదించే కోడెక్. సెకనుకు 30 ఫ్రేముల 4కేలో ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే రకం సెకనుకు సుమారు 880 మెగాబిట్లు తింటుంది. పై మూడు నిమిషాల వీడియోనే 20 గిగాబైట్ల దాకా వెళ్తుంది కాబట్టి హార్డ్‌డిస్క్ చేతికివ్వడమే సులువు. సెకనుకు 100 మెగాబిట్లతో రికార్డయిన ఫైలును ప్రోరెస్‌లోకి మార్చినంత మాత్రాన లేని వివరాలు పుట్టుకురావు. టైమ్‌లైన్ మీద తేలిగ్గా కదులుతుంది, అంతే.

2018లో వచ్చిన ఏవీ1 కుదింపులో వీటన్నింటి కంటే ముందుంది, రాయల్టీ బాదరబందీ కూడా లేదు. ఆడించే హార్డ్‌వేర్ కొత్త పరికరాల్లోనే ఉంది. యూట్యూబ్ లాంటివాళ్లకు అది వదిలేసి, మనం వాళ్లకు మంచి హెచ్.264 ఎక్కిస్తే చాలు.

ఏది ఎంచుకున్నా వాట్సాప్‌లో మామూలు వీడియోగా మాత్రం పంపకండి, అది మళ్లీ కుదించి పడేస్తుంది. డాక్యుమెంటుగా జతచేస్తే 2 గిగాబైట్ల వరకు ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది.