నెట్‌ప్లాన్ ట్రై: నన్ను అనంతపురం బస్సు ఎక్కనీయని రెండు నిమిషాలు

నేనుండేది కర్నూలు. నేను చూసుకునే మానిటరింగ్ సర్వర్ ఉండేది అనంతపురం. మధ్యలో డోన్, గుత్తి, దాదాపు 150 కిలోమీటర్ల హైవే. ఈ దూరం సంగతి ముందే చెప్పకపోతే నేను రాసేది ఎవరికైనా అతిగా అనిపిస్తుంది. నెట్‌ప్లాన్ అంటే ఉబుంటు లినక్స్‌లో నెట్‌వర్క్ సెట్టింగులు పెట్టే సాధనం, ఆ సెట్టింగులు రాసేది యామల్ ఫైల్‌లో. ఆ ఫైల్ ఎలా రాయాలి అనేవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాటి జోలికి పోను. ఉబుంటు 20.04లో మొదలుపెట్టి ఇప్పుడు 22.04 మీద నడుపుతున్నాను, ఇన్నేళ్లు వాడాక అందులో ఒక్క కమాండ్ గురించే రాయాలనిపించింది. అదే నెట్‌ప్లాన్ ట్రై.

మా సర్వర్‌కు మొదట్లో రెండు నెట్‌వర్క్ పోర్టులు. ఒకటి ఆఫీసు వైపు, రెండోది ప్రైవేట్. ప్రైవేట్ పోర్టు నుంచి వైరు నేరుగా సర్వర్ రూమ్ లోపలి చిన్న స్విచ్‌కు పోతుంది, యూపీఎస్ కార్డులు, ర్యాకుల్లో కరెంటు పంచే పీడీయూలు, ఏసీ కంట్రోలర్లు, టెంపరేచర్ సెన్సర్లు అన్నీ ఆ స్విచ్‌కే ఉంటాయి. వాటిలో సగం పాత సరుకు, పరికరాల వివరాలు చదివే ఎస్ఎన్ఎంపీ పద్ధతిలో వెర్షన్ 2సీ దాటి ఏదీ రాదు. అందులో పాస్‌వర్డ్ లాంటి కమ్యూనిటీ స్ట్రింగ్ ఏ దాపరికం లేకుండా వైరు మీద పోతుంది. అలాంటివాటిని ఆఫీసులో అందరి ల్యాప్‌టాప్‌లు తిరిగే నెట్‌వర్క్‌లో పెట్టలేం కదా, అందుకే ఈ విడి దారి.

ఈ విడి దారి వేయడంలో చేసిన ఒక తప్పు నాకు ఇప్పటికీ గుర్తే. ఉబుంటు 16.04 రోజులు, నెట్‌వర్క్ సెట్టింగులకు ఇంకా పాత ఇంటర్‌ఫేసెస్ ఫైలే వాడుతున్నాం. ఆఫీసు పోర్టుకు రాసినట్టే ప్రైవేట్ పోర్టుకు కూడా ఒక గేట్‌వే లైను (బయటి నెట్‌వర్క్‌లకు దారి చూపేది) రాసి రీస్టార్ట్ కొట్టాను. డిఫాల్ట్ దారి ప్రైవేట్ వైపు పడింది. సర్వర్ ఇచ్చే జవాబులన్నీ ఆ చిన్న స్విచ్‌లోకి పోతున్నాయి, అక్కడి నుంచి బయటికి దారే లేదు. రాత్రి పది దాటింది, అప్పట్లో అక్కడ నైట్ డ్యూటీకి మనిషి లేడు. బస్టాండుకు పోయి దొరికిన బస్సెక్కి, తెల్లారకముందే దిగి, సర్వర్‌కు మానిటర్, కీబోర్డు తగిలించి ఆ ఒక్క లైను తీసేశాను. తీయడానికి నిమిషం పట్టలేదు. ప్రైవేట్ ఇంటర్‌ఫేస్‌కు, అంటే ఆ పోర్టుకు, గేట్‌వే రాయొద్దు, ఎవరు ఎన్ని చెప్పినా రాయొద్దు. అటువైపు ఇంకో నెట్‌వర్క్‌కు పోవాల్సి వస్తే దానికి మాత్రమే విడిగా రూట్ రాసుకోండి.

ఇప్పుడు ట్రై సంగతి. నెట్‌ప్లాన్ అప్లై అని కొడితే రాసింది రాసినట్టు అమల్లోకి వస్తుంది, తిరిగి చూసుకునే వీలుండదు. ట్రై అని కొడితే కూడా అమల్లోకి వస్తుంది, కానీ 120 సెకన్ల లోపు మనం ఎంటర్ నొక్కకపోతే పాత కాన్ఫిగరేషన్ తిరిగి పెట్టేస్తుంది. అంతే. జునిపర్ కంపెనీ జునోస్ రూటర్ల మీద పనిచేసినవాళ్లకు ఇది కొత్త కాదు, వాళ్లకు కమిట్ కన్‌ఫర్మ్‌డ్ అనే ఇలాంటి కమాండ్ ఎప్పటినుంచో ఉంది, అక్కడ మామూలుగా పది నిమిషాలు ఇస్తారు. మా లాంటి మామూలు లినక్స్ సర్వర్‌కు అది రావడమే నాకు ఆనందం.

దాని విలువ తెలిసింది కొత్త ర్యాకు వచ్చిన రోజు. అందులో రెండు పీడీయూలు ఉన్నాయి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే వాటికి 192.168.1 సిరీస్‌లో అడ్రసులు పెట్టి ఉన్నాయి. మా ప్రైవేట్ వైపు 192.168.50 సిరీస్. వాటిని అందుకుని అడ్రసులు మార్చాలి కాబట్టి, కాసేపటికోసం ప్రైవేట్ పోర్టుకు 192.168.1.250 స్లాష్ 24 అని రెండో అడ్రసు కలిపాను. స్లాష్ 24 అంటే 192.168.1 సిరీస్ మొత్తం ఆ పోర్టు వైపే ఉందని చెప్పినట్టు. ఇలాంటి పని అంతకుముందు ఇంటి నుంచి ఒకసారి చేశాను, ఏమీ కాలేదు. ఆ రోజు మాత్రం కర్నూలు ఆఫీసులో కూర్చున్నాను, ఆ తేడా నా బుర్రకు తట్టలేదు. ఇంటి నుంచి వీపీఎన్‌లో పోతే నాకు 10తో మొదలయ్యే అడ్రసు వస్తుంది. కర్నూలు ఆఫీసులో అందరికీ ఉండేది 192.168.1 సిరీసే.

ట్రై కొట్టాను. కింద సెకన్ల లెక్క మొదలైంది, 117 దగ్గర ఆగిపోయింది. కర్సర్ కదలదు. తెర మీద కొత్తగా ఏమీ పడదు. ఆ పాత రాత్రి ఒక్కసారిగా గుర్తొచ్చి ఒళ్లు చల్లబడింది. ఇప్పుడు నైట్ డ్యూటీకి ఒక అబ్బాయి ఉన్నాడు, వెంటనే ఫోన్ చేశాను.

"తమ్ముడూ, సర్వర్ నడుస్తోందా చూడు."

"నడుస్తాంది అన్నా, రెండు పోర్టుల లైట్లూ ఆడతాండాయి. ఏమైందన్నా, ఆఫ్ చేసి ఆన్ చేయాల్నా?"

"వద్దు వద్దు, ఏదీ ముట్టుకోవద్దు, రెండు నిమిషాలు ఆగు."

ఫోన్ పెట్టకుండానే గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆ రెండు నిమిషాల్లోనే ఏం జరిగిందో అర్థమైంది. ప్రైవేట్ పోర్టుకు 192.168.1 మొత్తం ఇచ్చేయడంతో, కర్నూలులో ఉన్న నా ల్యాప్‌టాప్ కూడా పక్కనే ఉన్న పీడీయూ లాంటిదే అనుకుంది సర్వర్. నాకివ్వాల్సిన జవాబులను ప్రైవేట్ వైరులోకి తోసి అక్కడ నా కోసం వెతుకుతోంది. నా నుంచి పోయేది పోతోంది, తిరిగొచ్చేది మాత్రం రావడం లేదు.

గడువు దాటాక కొత్త విండో తెరిచి లాగిన్ అయితే టక్కున అయిపోయింది. పాత విండో మాత్రం ఇంకా అలాగే బిగుసుకుపోయి ఉంది, ఒక నిమిషం పైన గడిచాక అదీ కదిలింది, వెనక్కి తీసుకున్నట్టు చూపించింది. అందని ప్యాకెట్‌ను మళ్లీ పంపే ముందు టీసీపీ (డేటా అందేలా చూసే పద్ధతి) ప్రతిసారీ ఆగే సమయాన్ని రెట్టింపు చేసుకుంటూ పోతుంది, ఆ ఆలస్యం అందుకే. ఇది తెలియనివాళ్లు 120 సెకన్లు కాగానే పాత విండోనే చూస్తూ, వెనక్కి రాలేదని కంగారుపడి సర్వర్ ఆఫ్ చేయించే ప్రమాదం ఉంది. కొత్త విండో తెరిచి చూడండి. తర్వాత స్లాష్ 24 తీసేసి అడ్రసును స్లాష్ 32గా, అంటే ఆ ఒక్క అడ్రసుకే పరిమితమయ్యేలా మార్చి, ఆ రెండు పీడీయూల అడ్రసులకు మాత్రమే ప్రైవేట్ పోర్టు మీదుగా రూట్ రాసి మళ్లీ ట్రై కొట్టాను. ఈసారి సెకన్లు చక్కగా తగ్గుతూ కనిపించాయి. మరుసటి రోజు పొద్దున ఉగ్గాని, బజ్జీ తింటూ మా వాళ్లందరికీ ఈ కథ చెప్పాను, నెట్‌ప్లాన్ ట్రై ఉన్నాక ఇక భయమే లేదని కూడా అన్నాను.

ఆ మాట కొంచెం తొందరపడి అన్నాను. పోయిన మే నెలలో ప్రైవేట్ వైపు సర్వర్ అడ్రసు మార్చాల్సి వచ్చింది. 192.168.50 అని రాయాల్సిన చోట ఒక సున్నా పోయి 192.168.5 అయింది. ట్రై కొట్టాను, సెకన్లు తగ్గుతున్నాయి, నా కనెక్షన్ బాగానే ఉంది, ఎంటర్ నొక్కేశాను. నాకు నేను కనిపిస్తున్నాను కాబట్టి అంతా బాగుందనుకున్నాను. అవతల యూపీఎస్, పీడీయూ, సెన్సర్ ఒక్కటీ సర్వర్‌కు అందడం లేదు. డేటా రావడం లేదనే అలర్ట్‌కు మేమే 30 నిమిషాల గడువు పెట్టుకున్నాం, చిన్న చిన్న అంతరాయాలకు ఫోన్లు మోగకూడదని. అది వచ్చేదాకా నాకు తెలియదు. అనంతపురంలో మే నెల మధ్యాహ్నం, బయట ఎండ నలభై దాటి ఉంటుంది, లోపల ఏసీ ఆగిందో లేదో చెప్పేవాడు లేకుండా అరగంట. అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. అయినా ఆ అరగంట తలచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గా ఉంటుంది.

ట్రై చూసేది మనం ఎంటర్ నొక్కామా లేదా అన్నది మాత్రమే. ప్రైవేట్ వైపు ప్రాణం ఉందో లేదో దానికి పట్టదు. అందుకని ఇప్పుడు ట్రై కొట్టేముందే ఇంకో విండో తెరిచి పెట్టుకుంటాను, సెకన్లు మొదలవగానే ఒక యూపీఎస్, ఒక పీడీయూ, ఒక సెన్సర్ మూడింటికీ పింగ్ కొట్టి జవాబు వస్తోందో లేదో చూస్తాను, ఒక ఎస్ఎన్ఎంపీ విలువ చదివి చూస్తాను, అప్పుడే ఎంటర్. రెండు నిమిషాలు చాలవనిపిస్తే టైమవుట్ 300 అని ఇస్తే ఐదు నిమిషాలు ఇస్తుంది. ఇదంతా సర్వర్ మీదే టెర్మినల్‌ను బతికించి ఉంచే టీమక్స్ లోపలే చేస్తాను, కనెక్షన్ తెగినా కమాండ్ బతికే ఉంటుంది.

ఇంకో లోటు బాండింగ్. ప్రైవేట్ వైపు రెండు పోర్టులు కలిపి ఒకటిగా పనిచేసేలా బాండ్ చేసి, దానికి మోడ్ లాంటి పారామీటర్లు రాస్తే ట్రై ఒప్పుకోదు, బాండ్‌లకు, బ్రిడ్జ్‌లకు పెట్టిన పారామీటర్లు వెనక్కి తీసుకోలేనని, జాగ్రత్తగా చూసుకుని నేరుగా అప్లై చేసుకోమని చెప్పేస్తుంది. నిజాయితీగా ముందే చెప్పడం బాగుంది. కానీ భయం ఎక్కువగా ఉండే పని కూడా అదే కదా. మేం బాండ్ పెట్టిన రోజు నేను అనంతపురం వెళ్లి సర్వర్ ముందు కూర్చునే చేశాను.

చిన్న సంగతులు రెండు. పోర్టు పేరు నమ్ముకోకుండా, పోర్టుకు తయారీలోనే వచ్చే మ్యాక్ అడ్రసుతో మ్యాచ్ చేసి పేరు పెట్టుకోండి, కొత్త కార్డు గుచ్చితే పాత పేర్లు మారిపోవచ్చు, ప్రైవేట్‌కు రాసింది ఆఫీసు పోర్టుకు పడితే కథ మళ్లీ మొదటికి. ప్రైవేట్ పోర్టుకు ఆప్షనల్ ట్రూ అని పెట్టండి, లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు స్విచ్ లేవకముందే సర్వర్ లేస్తే, ఆ పోర్టు కోసం బూట్‌లో రెండు నిమిషాలు ఊరికే కాచుకుంటుంది.

నా వరకు, దూరం నుంచే తెర చూపే కన్సోల్ కార్డు పనిచేయని పాత సర్వర్, పక్క జిల్లాలో పని, ఒంటరిగా చూసుకునే మనిషి, ఈ మూడూ కలిసినచోట ట్రై లేకుండా ప్రైవేట్ ఇంటర్‌ఫేస్ ముట్టుకోను. నెట్‌వర్క్ సెట్టింగులు చెడినా సర్వర్‌ను దూరం నుంచి అందుకునే ఐపీఎంఐ లాంటి విడి దారి మీకు ఉంటే, లేదా సర్వర్ మీ పక్క గదిలోనే ఉంటే, మీకు దీని మీద నా అంత మమకారం రాకపోవచ్చు. మేం పెట్టిన ఆ బాండ్ తీసేసి ప్రైవేట్ వైపు మళ్లీ ఒక్క పోర్టుకే వచ్చేద్దామా అని ఈమధ్య ఆలోచిస్తున్నాను. ఒక వైరు పోతే సెన్సర్లన్నీ పోతాయి, నిజమే. కానీ ట్రై మళ్లీ చేతికొస్తుంది. నైట్ డ్యూటీ అబ్బాయి మాత్రం "బాండ్ ఉండనీ అన్నా, వైరు ఊడితే నేను చూస్కోలేను" అంటున్నాడు. ఇంకా తేల్చుకోలేదు.