పికప్ పోయిన పద్మినికి వ్యాక్యూమ్ గేజ్: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఇంజిన్ గాలిని ఎంత బలంగా పీలుస్తోందో ముల్లుతో చూపించేది వ్యాక్యూమ్ గేజ్. రాణీగంజ్‌లో 900 రూపాయలకు దీన్ని కొనేనాటికే నా ప్రీమియర్ పద్మినికి అనుమానాల మీద 12 వేలు తగలేశాను. ఇంజిన్ కట్టించి, రంగు వేయించి, అన్నీ కొత్తవి బిగించిన బండి. 1089 సీసీ నుంచి పరుగు పందేలు ఆశించలేదు కానీ, మెహిదీపట్నంలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి సగం దూరం పోయేసరికి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా లాగేది కాదు. కిందికి దిగి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు పోయేది.

"కార్బ్యురేటర్‌లో కచరా ఉంది సార్" అన్నాడు మా మెకానిక్ ఉస్తాద్. మూడుసార్లు కడిగాడు. ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్, చివరికి కాయిల్ కూడా మార్చాం. పికప్ మాత్రం రాలేదు.

గేజ్ తగిలించడానికి నా బండి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి (గాలి, పెట్రోల్ ఇంజిన్‌లోకి పోయే గొట్టానికి) చోటు లేదు. విప్పి, రంధ్రం వేసి నిపుల్ పెట్టించాను. ఇంజిన్ మీద ఉండగానే డ్రిల్ చేస్తామంటే ఒప్పుకోకండి, లోహపు రజను లోపలికి పోతుంది. మొదటిరోజు ఐడిలింగ్‌లో ముల్లు 17 అంగుళాల దగ్గర నిలబడింది. గేజ్‌తో వచ్చిన కాగితంలో 18 నుంచి 22 ఉండాలని రాసుంది. పిస్టన్ రింగులు పోయాయేమోనని ఆ రాత్రంతా టెన్షన్. తర్వాత తెలిసింది, ఆ లెక్క సముద్రమట్టానికి. ప్రతి 1000 అడుగుల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. మన హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల (సుమారు 1770 అడుగుల) ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ 17 అంటే ఆరోగ్యమే.

అసలు సంగతి రేజ్ చేసి పట్టుకున్నప్పుడు బయటపడింది. ఇంజిన్ వేడెక్కాక సుమారు 2500 ఆర్‌పీఎమ్‌లో కదలకుండా ఉంచితే ముల్లు మొదట 19కి లేచింది. నిమిషం తిరిగేలోపు మెల్లగా 10కి జారింది. పొగ బయటికి పోవడం లేదన్నమాట. పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కింద సైలెన్సర్ పైపు జాయింట్ వదులు చేసి మళ్లీ చూశాం. ఈసారి ముల్లు 19 నుంచి కదల్లేదు, వీధి మాత్రం కదిలింది. పైఅంతస్తు ఆంటీ వచ్చి "ట్రాక్టర్ కొన్నావా బాబూ?" అని అడిగింది. సైలెన్సర్ కోసి చూస్తే లోపలి అడ్డరేకు వెల్డింగ్ ఊడి వేలాడుతోంది. పొగ జోరుకి లేచి దారి మూస్తోంది, ఇంజిన్ ఆపగానే కిందపడుతోంది. బండి బాగుచేయించినప్పుడు వేసిన కొత్త సైలెన్సరే. కొత్తది కదా అని దాని వైపు ఎవరూ చూడలేదు.

ఇక లోపాలు. చవక గేజ్ కదా, ముల్లు వణుకుతుంది. అది ఆగడానికి గొట్టంలో చిన్న జెట్ (సన్నటి రంధ్రం ఉన్న ముక్క) దూర్చాను. ముల్లు బుద్ధిగా నిలబడింది కానీ, ఒక ఎగ్జాస్ట్ టాపెట్ బిగిసిపోయి వాల్వ్ సరిగా మూసుకోని సంగతి రెండు నెలలు తెలియలేదు. జెట్ తీసేస్తే ముల్లు లయ తప్పకుండా టక్ టక్‌మని పడిపోతోంది. ఆ వణుకులోనే సమాచారం ఉంటుంది, నొక్కేయకండి.

పోయిన ఏడాది మళ్లీ పికప్ పోయింది. ఇదే గేజ్‌తో పెట్రోల్ పంపు ప్రెషర్ కూడా చూడొచ్చు. 3 పీఎస్ఐ చూపించింది, అంటే బాగానే ఉన్నట్టు. నమ్మి మూడు వారాలు వేరే చోట్ల వెతికాను. ప్రెషర్ ఉన్నంత మాత్రాన పెట్రోల్ సరిపడా వస్తున్నట్టు కాదు. కాయిల్ వైరు పీకేసి, పంపు నుంచి వచ్చే పైపు సీసాలో పెట్టి సెల్ఫ్ కొడితే బుడగలతో సన్నటి ధార. ట్యాంకు దగ్గరి పాత రబ్బరు పైపు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌కి లోపల మెత్తబడి, పంపు పీల్చినప్పుడల్లా అతుక్కుపోతోంది. 200 రూపాయల పని.

అద్దానికి పగులొచ్చింది, గొట్టం రెండుసార్లు మార్చాను. మొదట దీన్ని చూసి నవ్విన ఉస్తాద్ ఇప్పుడు అడిగి పట్టుకెళ్తున్నాడు. పోయిన వారం ఎవరిదో అంబాసిడర్ కోసమని తీసుకెళ్లాడు, ఇంకా తిరిగివ్వలేదు.