యుద్ధం నడిచే చోట పిల్లలకు టీకాలు: ఏ దారి మేలు?

గాజా, సూడాన్ పేర్లు వార్తల్లో కనబడినప్పుడల్లా నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. విశాఖలో నర్సింగ్ చదివే పిల్లలు అడుగుతున్నారు, పల్స్ పోలియో ఆదివారాల్లో మాతో బూత్‌లో కూర్చునే కుర్రాళ్లూ అడుగుతున్నారు. "బాంబులు పడే చోట టీకాలు ఎలా వేస్తారండీ? కాల్పులు ఆపించి అందరికీ ఒకేసారి వేసేయడం మేలా, ఆగేదాకా చూడకుండా వేరే దారి వెతుక్కోవడం మేలా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాయడం నయమనిపించింది.

2024లో ఒక్క టీకా కూడా అందని పసిపిల్లలు ప్రపంచంలో 1.43 కోట్ల మంది. యుద్ధాలతో, సంక్షోభాలతో నలుగుతున్న 26 దేశాల్లో ఉన్నది మొత్తం శిశువుల్లో నాలుగో వంతే. కానీ టీకా అందనివాళ్లలో సగం మంది అక్కడే ఉన్నారు. సిరియాలో 1999 తర్వాత కనబడని పోలియో 2013లో దేర్ ఎజ్జోర్‌లో మళ్లీ బయటపడింది. గాజాలో పాతికేళ్లుగా లేని జబ్బు 2024 ఆగస్టులో పది నెలల పసివాడి కాలు పడగొట్టింది. కరెంటు పోతే ఫ్రిజ్ ఆగిపోతుంది, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాల్సిన మందు పాడవుతుంది. సిబ్బంది ప్రాణాలు దక్కించుకుని వెళ్లిపోతారు. తల్లి ఇల్లు వదిలి పరిగెత్తేటప్పుడు టీకా కార్డు తీసుకోవాలన్న సంగతే గుర్తురాదు.

ముందుగా కాల్పుల విరామం సంగతి. దీనికి పేరు తెచ్చింది మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ దేశం. అంతర్యుద్ధం మధ్యలో, 1985లో, యూనిసెఫ్, చర్చి పెద్దలు పూనుకుని అటు ప్రభుత్వాన్నీ ఇటు గెరిల్లాలనూ ఒప్పించారు. ఫిబ్రవరిలో ఒక రోజు, మార్చిలో ఒక రోజు, ఏప్రిల్‌లో ఒక రోజు తుపాకులు ఆగాయి. ఆ మూడు రోజుల సంగతి చాలామంది పట్టించుకోరు గానీ అసలు తెలివంతా అక్కడే ఉంది. పోలియోకైనా, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం కలిపి వేసే టీకాకైనా ఒక్క డోసు చాలదు. అందుకే విరామాన్ని కూడా డోసుల లెక్కన అడిగారు. 1992లో శాంతి ఒప్పందం కుదిరేదాకా ఏటా ఇలా సాగింది.

గాజాలో 2024 సెప్టెంబర్ 1న మొదలైన మొదటి విడతలో పదేళ్లలోపు పిల్లలు దాదాపు 5.59 లక్షల మందికి చుక్కలు పడ్డాయి. అంత విధ్వంసంలో, రోజుకు కొన్ని గంటల విరామంలో అది సామాన్యమైన పని కాదు. రెండో విడత అక్టోబర్‌లో మొదలై ఉత్తర గాజా దగ్గరకొచ్చేసరికి వాయిదా పడింది. నవంబర్ 2న మళ్లీ మొదలుపెట్టినా అక్కడ గాజా నగరానికే పరిమితమైంది.

నేను ఏ దారినైనా ఒక్క ప్రశ్నతోనే కొలుస్తాను. రెండో డోసుకి ఎవరొస్తారు?

పోలియో చుక్కలు వేయడానికి సూది అక్కర్లేదు, కాస్త శిక్షణ ఇస్తే కాలేజీ కుర్రాళ్లు కూడా వేస్తారు. కానీ మన పిల్లలకు అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ సూది ఆరు, పది, పద్నాలుగు వారాలకు పడాలి. తట్టుకు వేసే ఎంఆర్ తొమ్మిది నెలలు నిండాక ఒకటి, పదహారు నెలలు దాటాక ఇంకొకటి. తట్టు ఎంత వేగంగా అంటుకుంటుందంటే నూటికి తొంభై అయిదు మంది పిల్లలకు రెండు డోసులూ పడితే గానీ ఆగదు. పెంటా పడిన రాత్రి బిడ్డకు ఒళ్లు కాలుతుంది, తొడ వాస్తుంది, తెల్లార్లూ ఏడుస్తుంది. తల్లికి టెన్షన్. భర్త అరుస్తాడు, అత్తగారు ఎందుకు వేయించావంటుంది. ఆ రాత్రి తలుపు తట్టి "ఏం పర్లేదమ్మా, ఇది మామూలే, ఈ మందు పట్టు" అని చెప్పించుకోవడానికి ఒక మనిషి దొరికితే ఆ తల్లి నాలుగు వారాలకు మళ్లీ వస్తుంది. మనిషి దొరక్కపోతే, తర్వాత ఎన్ని విరామాలు ప్రకటించినా ఆ బిడ్డను దాచేస్తుంది. యుద్ధం ఉన్నా లేకున్నా ఇది ఇంతే. యుద్ధంలో మాత్రం ఆ మనిషే ముందు మాయమవుతుంది.

మన పాత విశాఖ జిల్లా ఏజెన్సీలో, ఒడిశా సరిహద్దు వైపు, మావోయిస్టులకూ పోలీసులకూ గొడవలున్న రోజుల్లో పనిచేసిన ఏఎన్ఎంలను, అంటే ఊళ్లు తిరిగి టీకాలు వేసే నర్సులను, అడిగి చూడండి. కొత్త మనిషి భుజాన పెట్టెతో కనబడితే ఇటువాళ్లకూ అనుమానం, అటువాళ్లకూ అనుమానం. ఊరి పిల్ల అదే వ్యాక్సిన్ క్యారియర్ తగిలించుకుని గట్టు దిగితే "మా సిస్టర్ వస్తోంది" అంటారు. గాజాకూ పాడేరుకూ పోలిక పెట్టడం లేదు, ఆ కష్టం వేరు. నమ్మకం ఎక్కడ పుడుతుందో చెప్పడానికి మాత్రం ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

అందుకే నా మొగ్గు ఊరి మనిషి వైపు. నైజీరియాలోని బోర్నోలో బోకో హరామ్ అనే మిలిటెంట్ ముఠా వల్ల లక్షల మంది పిల్లలు టీకా సిబ్బందికి ఏళ్ల తరబడి అందలేదు. 2016లో పోలియో అక్కడే మళ్లీ బయటపడింది. స్థానిక ఆడవాళ్లను ఇంటింటికీ పంపడం దగ్గర్నుంచి ఉపగ్రహ చిత్రాల్లో ఊళ్లు వెతకడం దాకా ఎన్నో ప్రయత్నాలు కలిసి, 2020 ఆగస్టులో ఆఫ్రికా ఖండం సహజ పోలియో వైరస్ నుంచి బయటపడినట్టు ధ్రువీకరించారు.

అయితే ఈ దారికి ఖరీదు కట్టేది కూడా ఆ మనిషే. 2013లో నైజీరియాలోనే కానో నగరంలో టీకాల పనిలో ఉన్న ఆడవాళ్లను కాల్చేశారు. 2022 ఫిబ్రవరి 24న అఫ్గానిస్థాన్‌లో ఒకే రోజున ఎనిమిది మంది పోలియో కార్యకర్తలను చంపేశారు. అందరికీ తెలిసిన మనిషి అంటే ఎక్కడ దొరుకుతుందో కూడా అందరికీ తెలిసిన మనిషి అని అర్థం. ఆమెకు రక్షణ చూపించకుండా ఈ దారి మేలని చెప్పడం తప్పు.

రోడ్ల మీద, బస్టాండ్లలో, సంతల్లో, శిబిరాల గేట్ల దగ్గర బల్ల వేసి టీకాలు వేయడం ఇంకో పద్ధతి. మన విశాఖ రైల్వే స్టేషన్‌లో పోలియో చుక్కలు వేసినట్టే. 2012 నుంచి పాకిస్థాన్‌లోని ఉత్తర వజీరిస్థాన్‌లో మిలిటెంట్లు చుక్కలు నిషేధించారు. 2014లో సైనిక చర్య మొదలై జనం బయటికొస్తుంటే దారిలోనే పిల్లలకు వేశారు. చుక్కలకు ఇది మంచి పద్ధతే. కానీ కదల్లేనివాళ్లు ఊళ్లోనే ఉండిపోతారు, బల్ల దగ్గర ఆగిన బిడ్డ రేపు ఏ ఊళ్లో ఉంటుందో ఎవరికీ తెలియదు.

సైన్యం వెంట వెళ్లి వేయడమంటారా? బోర్నోలో మరెవరూ వెళ్లలేని ఊళ్లలో సైనికులే చుక్కలు వేశారు. అంతకు మించి దాన్ని నేను కోరుకోను. 2011లో బిన్ లాడెన్ ఆచూకీ కోసం పాకిస్థాన్‌లోని అబొట్టాబాద్‌లో అమెరికా గూఢచారులు హెపటైటిస్-బి టీకాల ముసుగు వాడుకున్నారు. ఆ అనుమానం పాకిస్థాన్ టీకా కార్యకర్తలను ఈనాటికీ వెంటాడుతోంది.

పోలియో అప్పటికే బయటపడి ఉంటే కాల్పుల విరామం కోసం పట్టుబట్టాల్సిందే, ఊరి మనిషిని తయారుచేసేదాకా ఆగే వ్యవధి ఉండదు. మిగతా అన్ని రోజుల్లో డబ్బు ఆమె మీద పెట్టాలి. నెల జీతం ఆలస్యం కాకూడదు, దగ్గర్లో సోలార్ ఫ్రిజ్ ఉండాలి, పిల్లల జాబితా రెండు చోట్ల ఉండాలి, ఈ రోజు వెళ్లనని ఆమె అంటే ఎవరూ కాదనకూడదు. విరామం అడిగేవాళ్లు కూడా మొదటి రోజు తేదీతో పాటు నాలుగు వారాల తర్వాతి తేదీని అదే కాగితంలో రాయించుకోవాలి.