1966 నాటి గిటార్ మోత, మోనోలోనే వినండి

బ్రిటిష్ బ్లూస్ సంగీతకారులు జాన్ మేయాల్, ఎరిక్ క్లాప్టన్‌ల ‘బ్లూస్‌బ్రేకర్స్’ ఆల్బమ్ రీమాస్టర్ (పాత రికార్డింగును శుద్ధి చేసి తెచ్చిన ప్రతి) కొనే ముందు ఒక్కటి చూసుకోండి: అందులో మోనో మిక్స్, అంటే అన్ని ధ్వనులనూ ఒకే ఛానల్‌లో కలిపిన రూపం, ఉందా? 2006 డీలక్స్ రెండు సీడీల సెట్‌లో మోనో, స్టీరియో రెండూ ఉన్నాయి. స్టీరియోలో వాద్యాలు అటూ ఇటూ విడిపోయి బలం తగ్గుతుంది. మోనోలో గిటార్, బేస్, డ్రమ్స్ ఒకే ముద్దగా గుండెకు తగులుతాయి.

ఆ గిటార్ ధ్వని ఇప్పటికీ పాతబడలేదు. క్లాప్టన్ తన గిబ్సన్ లెస్ పాల్ ఎలక్ట్రిక్ గిటార్‌ను మార్షల్ కాంబో ఆంప్‌కి (స్పీకర్లు లోపలే ఉన్న యాంప్లిఫయర్) తగిలించి, వాల్యూమ్ బాగా పెంచి వాయించాడు. ఆంప్‌లోని వాల్వులు (ధ్వనిని పెంచే గాజు గొట్టాలు), స్పీకర్లు వాటి హద్దు దాటినప్పుడు స్వరం గరగరలాడుతూనే సాగి నిలుస్తుంది. ఆల్బమ్‌లోని ‘హైడవే’లో ఇది స్పష్టం. ‘రాంబ్లిన్ ఆన్ మై మైండ్’లో క్లాప్టన్ పాడతాడు కూడా, ఎంత బిడియంగానో!

ఎల్పీ (వినైల్ రికార్డు) కొంటే చెన్నై తేమతో జాగ్రత్త. కాగితపు లోపలి కవర్లకు బూజు పడుతుంది, అది గాడుల్లో చేరితే చిటపటలే. పాలిథీన్ కవర్లలోకి మార్చి, నిలువుగా పేర్చండి. సూది గాడిపై మోపే బరువును కార్ట్రిడ్జ్ (సూదిని పట్టి ఉంచే భాగం) తయారీదారు చెప్పినంతే పెట్టండి. తక్కువైతే సూది ఎగిరి గాడి చెడుతుంది.