పసిమెదడు పరిశోధన: ప్రాజెక్టు కొలువా, అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టా?

పసిపిల్లల మెదడు ఎదుగుదల, తొలి చదువుల మీద హైదరాబాద్‌లో పనిచేయాలంటే ముఖ్యంగా రెండు దారులున్నాయి. హెచ్‌సీయూలోని సెంటర్ ఫర్ న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్, ట్రిపుల్ ఐటీ కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ లాంటి చోట్ల ప్రాజెక్టు కొలువు ఒకటి. సైకాలజీ, ఎడ్యుకేషన్ విభాగాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు రెండోది.

జీతంలో పోటీ లేదు, పోస్టుదే పైచేయి. ప్రాజెక్టులో 2023 నుంచి జేఆర్‌ఎఫ్‌కు (జూనియర్ రిసెర్చ్ ఫెలో) నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్‌కు (సీనియర్ రిసెర్చ్ ఫెలో) 42,000, పైన ఇంటి అద్దె భత్యం. నిధులు ఆలస్యమైతే ఇదీ ఆగుతుంది. గచ్చిబౌలి ఇంటి ఓనరు మాత్రం ఆగడు. పోస్టుకు మూలవేతనమే 57,700, ఆపై డీఏ. క్లాసు లెక్కన డబ్బిచ్చే గెస్ట్ ఫ్యాకల్టీని ఈ లెక్కలో వేయకండి. యూజీసీ చెప్పింది క్లాసుకు 1,500, నెలకు 50,000 మించకూడదు. సెలవుల్లో క్లాసులుండవు, డబ్బూ ఉండదు.

పని నేర్చుకోవడానికి మాత్రం ప్రాజెక్టే మేలు. ఎనిమిది నెలల బిడ్డకు ఈఈజీ (తలకు ఎలక్ట్రోడ్ల టోపీ పెట్టి మెదడు విద్యుత్ సంకేతాలు నమోదు చేసే పరీక్ష) తీయడం పుస్తకం చదివితే వచ్చేది కాదు. మన ఇళ్లలో పిల్లల తలకు నూనె పెట్టకుండా ఉండరు. ఆ జిడ్డుకు ఎలక్ట్రోడ్ చర్మానికి సరిగా అంటదు, సిగ్నల్ నిండా రొద. అందుకే ముందురోజే ఫోన్ చేసి, తలస్నానం చేయించి నూనె రాయకుండా తీసుకురమ్మని తల్లికి చెప్పాలి. బిడ్డ నిద్ర లేచి పాలు తాగాక వచ్చేలా టైమివ్వాలి. ఇంత చేసినా టోపీ పీకేసి ఏడిస్తే ఆ రోజు డేటా పోయినట్టే. పసిపిల్లల ఎదుగుదలను కొలిచే డీఏఎస్‌ఐఐ పరీక్షలోని 67 చలన అంశాలు, 163 మానసిక అంశాలు చేయించడానికీ ఇంతే ఓపిక కావాలి. వారానికి 16 గంటలు పాఠం చెప్పి, పేపర్లు దిద్ది, కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ కోసం ఫైళ్లు నింపేవారికి ఆ తీరిక దొరకదు.

అయితే ఆరునెలల బిడ్డ ఒకటో తరగతికి రావడానికి ఐదేళ్లకు పైనే పడుతుంది. మూడేళ్ల ప్రాజెక్టులో మొదటి నెలలు ఎథిక్స్ కమిటీ అనుమతికి, అంగన్‌వాడీల్లోకి వెళ్లే అనుమతికే పోతాయి. పసితనంలో కొలిచిన శ్రద్ధకూ తర్వాత చదవడం రావడానికీ సంబంధం చూడాలంటే పోస్టులో ఉన్నవారికే వీలు. పీహెచ్‌డీ, సరిపడా పరిశోధన పేపర్లు ఉంటే అసిస్టెంట్ ప్రొఫెసర్‌గానే నలుగురు పీహెచ్‌డీ స్కాలర్లను తీసుకోవచ్చు కూడా.

చాలామంది తట్టుకుని పడేది అర్హత దగ్గర. కాగ్నిటివ్ సైన్స్ పీహెచ్‌డీతో సైకాలజీ పోస్టుకు వెళ్తే 'సంబంధిత సబ్జెక్టు' కాదని స్క్రూటినీలోనే పక్కన పెట్టొచ్చు. ఎడ్యుకేషన్‌లో చాలాచోట్ల ఎం.ఎడ్. అడుగుతారు. లెక్చరర్ అర్హత పరీక్షల్లో తెలంగాణ సెట్ ఈ రాష్ట్రంలోనే చెల్లుతుంది, జాతీయస్థాయి నెట్ అయితే ఎక్కడైనా. మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే సికింద్రాబాద్‌లోని ఎన్‌ఐఈపీఐడీ లాంటి సంస్థల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ బోధించాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ కూడా చూస్తారు.

పీజీ అయినవారికి మా ఓటు ప్రాజెక్టుకే, అదీ డేటా సేకరణతోపాటు విశ్లేషణ కూడా చేయనిస్తేనే. ఉన్నన్నాళ్లూ తల్లులకు ఫోన్లు చేయడమే పనైతే చేతికి విద్య రాదు. పీహెచ్‌డీ చేతిలో ఉన్నవారు ల్యాబ్ చిన్నదైనా పోస్టే తీసుకోవాలి. చేరేముందు మూడు అడగండి: ప్రాజెక్టుకు ఇంకెన్ని నెలలుంది, ఎథిక్స్ అనుమతి వచ్చిందా, పేపర్లో మీ పేరుంటుందా.