పిల్లల ట్రిప్పుకు టెంపో ట్రావెలర్: కర్నూలులో అద్దెకు తీసుకునే ముందు

బేలుం గుహలకో, యాగంటికో కాలనీ పిల్లలను ఒక్క రోజు తిప్పుకురావాలంటే కర్నూలులో యువజన సంఘాల వాళ్లు ముందుగా అడిగేది 17 సీట్ల టెంపో ట్రావెలర్‌నే. మంచి ఎంపికే. సీట్లన్నీ ముందుకే చూస్తుంటాయి, పెద్దవాళ్లు లేచి చివరి వరుస దాకా వెళ్లి రావచ్చు. జీపుల్లో వెనక ఎదురెదురు బల్లల మీద పిల్లలను కుక్కడం కన్నా ఇది ఎంతో మేలు. అయితే కంపెనీ నుంచి వచ్చిన బండి వేరు, అద్దెకు తిరిగి తిరిగి మన దగ్గరకొచ్చిన బండి వేరు.

అన్నిటికన్నా ముందు బెల్టులు చూడండి. చాలా బండ్లలో అవి పైకి కనబడవు, సీటు సందులోకి చెయ్యి పెట్టి లాగాలి. కొత్త కవర్లు కుట్టించినప్పుడు బకిల్ లోపలే ఉండిపోతుంది. కొన్నింట్లో బెల్టు ఉంటుంది, బకిల్ ఉండదు. ప్రతి సీటు దగ్గరా పెట్టి చూడాలి: టక్కున పడుతోందా, గట్టిగా గుంజితే నిలుస్తోందా, బటన్ నొక్కగానే వదులుతోందా. నడుముకు మాత్రమే వచ్చే బెల్టయితే పొట్ట మీద పెట్టకూడదు, తొడల మొదట్లో తుంటి ఎముకల మీద బిగువుగా ఉండాలి. పొట్ట మీద ఉంటే సడన్ బ్రేకు పడ్డప్పుడు దెబ్బ పేగులకు తగులుతుంది. ఒకే బెల్టులో ఇద్దరిని కడితే తలలు ఢీకొంటాయి. 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టు లేకుండా తీసుకెళ్తే మోటారు వాహనాల చట్టం ప్రకారం 1000 రూపాయల జరిమానా కూడా ఉంది.

తర్వాత లెక్క. ఆర్‌సీలో రాసిన సీట్ల సంఖ్యలో డ్రైవరు కూడా కలిసే ఉంటాడు. 17 సీట్లకు 12 మంది పిల్లలు, ముగ్గురు పెద్దవాళ్లు చాలు. వాంతులయ్యే పిల్లల కోసం ముందు వరుసలో ఒక సీటు ఖాళీగా ఉంచండి. "చిన్నపిల్లలే కదా అన్నా, సర్దుకుంటారులే" అని నడవలో ప్లాస్టిక్ స్టూళ్లు వేస్తారు, ఒప్పుకోవద్దు. బ్రేకు పడితే ఆ స్టూలు మీది పిల్లవాడు నేరుగా గేరు రాడ్ దగ్గరికి వెళ్లి పడతాడు.

వెనక తలుపు సంగతి ఇంకా ముఖ్యం. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర బస్సు తగలబడిన తర్వాత, దిగే దారి గురించి కర్నూలు వాళ్లకు వేరే చెప్పాల్సిన పని లేదు. అయినా అద్దె బండ్లలో వెనక తలుపుకు అడ్డంగా స్పీకర్ బాక్సులు, వాటర్ క్యాన్లు, వంట సామాను పేరుస్తూనే ఉన్నారు. లోపలి హ్యాండిల్ ఉందో లేదో చూసి, ఒకసారి లోపలి నుంచే తీయించండి. తెరుచుకోకపోతే ఆ బండి వద్దు. అద్దాలు పగలగొట్టే సుత్తి కనబడేచోట ఉండాలి. మంటలార్పే సిలిండర్ మీటరులో ముల్లు పచ్చరంగులో ఉండాలి. రంగు లైట్ల కోసం ఫ్యూజు లేకుండా లాగిన వైర్లుంటే అవి తీసేసే దాకా బయల్దేరవద్దు. గ్యాసు సిలిండర్, స్టవ్వు అసలు ఎక్కించకండి, భోజనం వండుకునే తీసుకెళ్లండి.

టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైంది. ఆరేళ్లు దాటిన టైరు, పక్కల బీటలున్న టైరు మన ఎండకు పనికిరాదు. గాలి తక్కువైన టైరు వంగి వంగి వేడెక్కుతుంది, నిండు బరువుతో మధ్యాహ్నం పూట పేలేది అందుకే. స్టెప్నీ కూడా ఇట్లాగే చూడాలి.

ఈ అద్దె వ్యాపారంలో మాకు నచ్చనిది ఒకటుంది. సాయంత్రం ఒక బండి చూపించి అడ్వాన్సు తీసుకుంటారు, తెల్లారి ఇంకొకటి పంపుతారు. అందుకే రసీదు మీద బండి నంబరు రాయించుకోండి. ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ తేదీలు కనబడతాయి. నంబరు ప్లేటు పసుపుదే కావాలి. సొంత బండిని కిరాయికి తిప్పితే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు దగ్గర చిక్కొస్తుంది. డ్రైవరును "రాత్రి ఎక్కడికి పోయొచ్చినావు?" అని అడగండి. తిరుపతి నుంచి తెల్లవారుజామున దిగినవాడైతే వేరే డ్రైవరును పంపమనండి, బత్తా పోయినా ఫర్వాలేదు. బనగానపల్లె, బేతంచెర్ల వైపు నాపరాయి లారీలు ఎక్కువ. వెనక లైటు లేకుండా రోడ్డు మీదే ఆగిపోయినవి చీకట్లో కనబడవు. బేలుం నుంచి మధ్యాహ్నం మూడు లోపే బయల్దేరాలి.

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తలుపు దగ్గర ఒక పెద్దమనిషి ఉండాలి, ఇంకొకరు చివరి వరుసలో కూర్చోవాలి. "అందరూ వచ్చినారా?" అని అడిగితే లేనివాడి తరఫున కూడా "వచ్చినాం" అంటారు. ఒక్కొక్కరికి ఒక నంబరిచ్చి వరసగా చెప్పించండి, ఆగిన చోటల్లా. పేర్లు, ఇళ్ల ఫోన్ నంబర్ల జాబితా ఒకటి బండిలో, ఒకటి ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గర ఉండాలి.

పిల్లలు ఒక బండికి మించితే ఒకే ట్రావెలర్‌తో రెండు ట్రిప్పులు కొట్టించకండి. సగం మంది పిల్లలు పెద్దవాళ్లు లేకుండా రోడ్డు పక్కన కాచుకోవాల్సి వస్తుంది. రెండు బండ్లు మాట్లాడండి, లేదా డిపోకు వెళ్లి ఆర్టీసీ బస్సు అద్దెకు అడగండి.