నాసా ఫర్మ్స్ మంటల మ్యాప్: గడ్డి కట్టల మిషన్ నడిపేవాడి రివ్యూ

కరీంనగర్ దగ్గర నాకు ఒక ట్రాక్టరు, దాని వెనక తగిలించే బేలర్ ఉన్నాయి. కోత మిషన్ పోయాక మడిలో పరుచుకున్న వరి గడ్డిని కట్టలు కట్టి పాడి రైతులకు అమ్ముతాను. రెండు యాసంగులుగా ఈ పనికి నాసా వాళ్ల ఫర్మ్స్ అనే మంటల మ్యాప్ వాడుతున్నాను. పైసా ఖర్చు లేదు. ఫోన్‌లో బ్రౌజర్ తెరిస్తే చాలు. మా వైపు ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రమైతే పొగకు కళ్లు మండుతాయి. ఆ పొగ తగ్గాలని గట్టిగా కోరుకుంటున్నాను కాబట్టి ఈ మ్యాప్ గురించి నాకు తెలిసింది రాస్తున్నాను.

భూమ్మీద చుట్టుపక్కల కన్నా ఎక్కువ వేడి ఉన్న చోటును ఉపగ్రహం ఇన్‌ఫ్రారెడ్‌లో పట్టుకుంటుంది, మ్యాప్ మీద ఎర్ర చుక్క పడుతుంది. మోడిస్ అనే పాత పరికరం కిలోమీటరు గడిలో చూస్తే, విర్స్ అనే కొత్తది 375 మీటర్ల గడిలో చూస్తుంది. మన మడులకు విర్స్ చుక్కలే నయం. ఉపగ్రహం చూసిన మూడు గంటల లోపే చుక్క మ్యాప్‌లోకి వస్తుంది. మన మండలం చుట్టూ గీత గీసి పెట్టుకుంటే ఈమెయిల్ అలర్ట్ కూడా వస్తుంది.

కానీ అలర్ట్ వచ్చేసరికి గడ్డి బూడిదై ఉంటుంది. నాకు అక్కరకొచ్చింది పాత లెక్క. విర్స్ చుక్కలు 2012 జనవరి నుంచి దొరుకుతాయి. గడిచిన నాలుగైదు ఏళ్ల మే నెలలు ఒక్కొక్కటిగా తెరిచి చూశాను. మా చుట్టుపక్కల కొన్ని ఊళ్ల మీదే ఏటా చుక్కలు గుంపుగా పడుతున్నాయి. ఆ ఊళ్లకు వెళ్లి అడిగితే అందరూ దాదాపు ఒకటే మాట: పశువులు తగ్గిపోయాయి, గడ్డి అడిగేవాడు లేడు, కూలీలు పెట్టి ఎత్తిద్దామంటే గిట్టదు, వానాకాలం దుక్కికి మడి ఖాళీ కావాలి. అంతకుముందు నేను రోడ్డు పక్క ఊళ్లలోనే తిరిగేవాణ్ని. ఇప్పుడు కోతలకు పది రోజుల ముందే ఆ చుక్కల ఊళ్లకు పోయి, కోత మిషన్ డ్రైవర్ల దగ్గర ఏ రోజు ఎవరి పొలమో రాసుకుంటున్నాను. మిషన్ వెళ్లిన రెండో రోజు నా బేలర్ అక్కడుండాలి. నాలుగో రోజైతే అగ్గిపెట్టె ముందొస్తుంది.

ఈ మ్యాప్‌ను నమ్మాల్సినంతే నమ్మాలి. పోయినేడు ఒక పెద్దాయన పొలం మీద సరిగ్గా చుక్క పడింది. గడ్డి నాకిస్తానని మాటిచ్చిన మనిషి. నాకు కోపమొచ్చి, ఫోన్ పట్టుకుని వెళ్లి "కాలబెట్టినవా బాపు?" అని అడిగాను. ఆయన ఏమీ అనకుండా చెప్పులేసుకుని ముందు నడిచాడు. మడిలో గడ్డి బంగారు రంగులో కోత మిషన్ పరిచిన వరుసల్లోనే ఉంది. వంగి చేతినిండా తీసి నా ముందు పట్టాడు. "ఏది బిడ్డా, కాలిన వాసనొస్తుందా?" అన్నాడు. కాలింది అక్కడికి మూడు మడుల అవతల. ఇంకా పొగ చిమ్ముతోంది, గట్టు మీది తుమ్మ చెట్టు కింది కొమ్మలు మాడిపోయి ఉన్నాయి. నేను సిగ్గుపడి ఆయనకు చేతులు జోడించాను.

చుక్క మంట పెట్టిన జాగా కాదు, ఆ 375 మీటర్ల గడికి నడిమధ్య. ఒక గడిలో ముప్పై ఎకరాల పైనే పడుతుంది. అందుకే ఈ మ్యాప్ చూపించి ఏ రైతు మీదా కేసు పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. ఊరిని గుర్తుపట్టడానికి ఇది మంచిది, మనిషిని గుర్తుపట్టడానికి కాదు.

టైము సంగతి కూడా చూసుకోవాలి. విర్స్ ఉపగ్రహాలు మన మీదుగా మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, మళ్లీ అర్ధరాత్రి దాటాక అదే టైముకి వెళ్తాయి. ఎండ చల్లబడ్డాక ఐదింటికి అంటిస్తే ఎకరం గడ్డి అరగంటలో అయిపోతుంది, చుక్క పడదు. మబ్బు పట్టినా అంతే. కాబట్టి చుక్కలు లేవంటే మంటలు లేవని అనుకోవద్దు. అనుమానం ఉంటే యూరప్ వాళ్ల కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో సెంటినెల్-2 ఉపగ్రహం తీసిన బొమ్మ చూడండి. అది ఐదు రోజులకోసారి వస్తుంది, పది మీటర్ల గడి కాబట్టి నల్లబడ్డ మడి విడిగా కనపడుతుంది. ఇంకొకటి, ఫర్మ్స్ డేటాలో టైము గ్రీన్‌విచ్‌ది. 08:12 అని ఉంటే పొద్దున కాదు, ఐదున్నర గంటలు కలిపితే మధ్యాహ్నం 1:42. నాకిది తెలియడానికి నెల పట్టింది.

గడ్డి కాలితే భూమిని వేడెక్కించే గ్యాసులు ఎంత వస్తాయన్న లెక్క ఈ మ్యాప్ నేరుగా చెప్పదు. మంట ఎంత బలంగా ఉందో మెగావాట్లలో చెబుతుంది, దాని నుంచి శాస్త్రవేత్తలు లెక్క కడతారు. పంట పీల్చుకున్న కార్బన్ డయాక్సైడే మంటలో తిరిగి పోతుంది కాబట్టి దేశాల లెక్కల్లో దాన్ని కలపరు. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం కలుపుతారు. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి సంఘమైన ఐపీసీసీ లెక్క ప్రకారం టన్ను ఎండుగడ్డి కాలితే 2.7 కిలోల మీథేన్, 70 గ్రాముల నైట్రస్ ఆక్సైడ్. రెండూ కలిపి సుమారు 90 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం.

చుక్క మాయమైనంత మాత్రాన గ్యాసు మొత్తం ఆగినట్టు కాదు, ఇది అందరూ తెలుసుకోవాలి. గడ్డి కాల్చకుండా, నాట్ల ముందు నీళ్లు పెట్టి ట్రాక్టరుకు కేజీవీల్ (ఇనుప చక్రాలు) తగిలించి తొక్కిస్తే బురదలో కుళ్లి మీథేన్ బాగా వస్తుంది. అదే గడ్డిని నాట్లకు నెల ముందే పొడి దుక్కిలో కలిపేస్తే చాలా తగ్గుతుంది. ఈ తేడా మంటల మ్యాప్‌లో ఎప్పటికీ కనపడదు.

ఐదుకు నాలుగు ఇస్తాను. తెలుగు లేకపోవడం పెద్ద లోటు, మా ఊళ్లో సగం మంది దీన్ని వాడలేకపోతున్నారు. పంజాబ్, హర్యానా లాంటి ఆరు ఉత్తరాది రాష్ట్రాలకు వరి గడ్డి మంటల మీద ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ సీజన్‌లో రోజూ బులెటిన్ ఇస్తుంది. మన యాసంగికి కూడా అలాంటిది కావాలని మా వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) గారిని అడుగుతూనే ఉన్నాను.

మీరు మొదలుపెట్టాలంటే మార్చి నెలాఖరులోనే పోయినేటి మే తారీకులు పెట్టి మీ మండలం చూసుకోండి. పొలం మీద చుక్క కనపడిందని ఎవరి మీదా కోపం తెచ్చుకోకండి, ముందు పోయి గడ్డి చూడండి. ఆ పెద్దాయన ఈ యాసంగిలో కోత కాగానే తనే ఫోన్ చేశాడు, "ఎప్పుడొస్తవ్ బిడ్డా, గడ్డి ఎండింది" అని.